పేరునకు పట్టా



భూమికి పట్టా యుండుట మన మెఱుగుదుము. ఇంటికి దస్తావేజు కలదు. కొన్న పశువునకు సంతలో రసీదు వ్రాసి యిత్తురు. కాని పేరునకు పట్టా యేమిటి యని మీలో కొందఱు శంకింపవచ్చును. ఆ శంక నాకును చిరకాల ముండెను. అది తీఱుటకు నే నొక అవమానమును పొందవలసి వచ్చినది. ముందుగా దానిని చెప్పి, పిదప చరిత్రలోనికి పోయెదను.

నేను ముప్పదియైదేండ్లు పల్లెబడిలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. మా పూర్వవిద్యార్థు లొక సంఘముగా నేర్పడి నన్ను దానికి అధ్యక్షునిగా గూర్చుండబెట్టిరి. బడిపేరుతో ఇంటర్నెట్టున నొక స్థానమును నెలకొల్పి, అందు ప్రాత ఫొటోలు, చందాల లెక్కలు, ఉపకారవేతనముల వివరములు ఉంచిరి. ఆ స్థానమునకు పెట్టిన పేరును డొమైన్ పేరందురు. పట్టణమున నుద్యోగము చేయుచున్న యొక పూర్వవిద్యార్థి దానిని తన సొంతపేరున, తన సొంత చిరునామాతో నమోదు చేయించెను. ఏటేట కట్టవలసిన రుసుము వేయి రూపాయలకు అటునిటు. కొన్నియేండ్లు అత డది కట్టెను. తరువాత విదేశమునకు పోయెను. ప్రాత చిరునామా మూతపడెను. గడువు ముగియుచున్నదను హెచ్చరికలు ఆ మూతపడిన చిరునామాకే పోయినవి. గడువు దాటినది. ఎవ్వరో యెఱుగని వ్యక్తి ఆ పేరును తీసికొనెను.

ఒకనాడు పొరుగింటి పదేండ్ల బాలిక సెల్‌ఫోను పట్టుకొని వచ్చి, "తాతగారూ, మీ బడిలో పేకాట నేర్పుతారా?" అని యడిగెను. చూచితిని. మా బడిపేరు క్రింద పేకముక్కలు, పందెములు, డబ్బు పంపుడను పిలుపులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చందా లిచ్చిన వారిలో వితంతువులు కలరు, కూలినాలి చేసికొనువారు కలరు. వారెవ్వరైన ఆ పేరును నమ్మి డబ్బు పంపినచో ఆ పాప మెవ్వరిది? పేకాటవానిది కొంత. కాని సంఘమునకు అధ్యక్షుడను నేను. దస్తావేజు ఎవరి పేరున నున్నదని ఒక్కనాడైనను అడిగినవాడను కాను. తాళము వేసి గొళ్ళెము మఱచినట్లయినది.

అప్పుడు నా మనస్సు మన కోనసీమలోని నందంపూడి మీదికి పోయెను. తూర్పుచాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరము నేలుచు 1053 వ సంవత్సరమున నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు అగ్రహారముగా నిచ్చెను. రెండేరుల నడిమి విషయమున నున్న గ్రామ మది. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. నారాయణభట్టు ఆయనకు భారతరచనయందు సహాయుడు. ఈ కథను మీరెల్లరు వినియుందురు. అయితే శాసనమును కావ్యముగా జూచు మనము, దానిని ఆస్తిరక్షణ సాధనముగా నరుదుగా జూతుము. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములలో ఆస్తికి నాలుగు కాపుదలలు కానవచ్చును.

మొదటి కాపుదల ఎల్లలు. తూర్పున నేమి, దక్షిణమున నేమి యని ఏరు, చెఱువు, పుట్ట, చెట్టు, పొరుగూరి పొలిమేర పేర్కొని చెప్పుదురు. రెండవది ప్రకటన. రాష్ట్రకూట ప్రముఖులను, కాపురస్థులైన కుటుంబులను పిలిపించి, ఈ గ్రామ మిట్టివానికి ఇచ్చితిమని రాజు ఆజ్ఞాపించును. దానము చీకటిలో జరుగదు, ఊరంతయు సాక్షియే. మూడవది ముద్ర. రాగిరేకుల నొక కడియమున గ్రుచ్చి, కడియపు కొనలు రెండింటిని ముద్రలో బిగించి పోతపోయుదురు. ఆ ముద్రపై "శ్రీత్రిభువనాంకుశ" యను బిరుదము, వరాహము, సూర్యచంద్రులు, అంకుశము ఉండును. ఒక రేకును తీసి వేఱొక రేకును చేర్చదలచినచో కడియమును కోయక తప్పదు. కోసిన గుఱుతు దాగదు. నాలుగవది శాపము. దానము నపహరించిన వానికి గలుగు నరకమును వర్ణించు శ్లోకములు చివర నుండును. ఎల్లలు కన్నునకు, ప్రకటన చెవికి, ముద్ర చేతికి, శాపము మనస్సునకు కాపుదలలు.

ఇన్ని యుండియు దొంగశాసనములు లేకపోలేదు. శాసనపరిశోధకుడైన ఫ్లీటుదొర 1901 వ సంవత్సరమున ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భారతదేశపు కూటశాసనముల పట్టిక నొకదానిని ప్రకటించెను. సముద్రగుప్తుని పేరనున్న గయ తామ్రశాసనమును సైతము పండితులు కూటశాసనముగానే యెంచిరి. అనగా రాగిరేకుల కాలముననే ఒకని యాస్తిని మఱియొకడు కాగితపుమాయచే కాజేయు విద్య పుట్టియున్నది. కాగితము మాఱినది కాని విద్య మాఱలేదు.

కంపెనీ దొరతనము పోవు కాలమునకు మన డెల్టాలో భూమివిలువ పెరిగెను. కాటనుదొర ధవళేశ్వరము ఆనకట్టను 1847 లో నారంభించి 1852 నాటికి ముగించెను. నీరు పాఱినచోట వ్యాజ్యము మొలచును. 1858 లో మద్రాసు ఇనాం కమీషను ఏర్పడి, అగ్రహారీకులను, మాన్యములు గలవారిని పిలిచి, మీ హక్కునకు ఆధారమేమని యడిగి, నిర్ణయించి, హక్కుపత్రము లిచ్చినది. తాతలనాటి తాటాకును గాని, రాగిరేకును గాని, దీర్ఘకాలానుభవమును గాని చూపగలిగినవాడు నిలిచెను. హక్కు గలవాడయ్యు ఆధారమును దాచుకొననివాడు చిక్కులపాలయ్యెను.

తరువాత రిజిస్ట్రేషను వచ్చినది. ఇప్పటికిని మనకు ముఖ్యమైనది 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము. ఇందొక సూక్ష్మము కలదు. సబురిజిస్ట్రారు కచ్చేరిలో నమోదగునది దస్తావేజు మాత్రమే. అమ్మినవానికి నిజముగా హక్కు కలదని ప్రభుత్వము పూచీపడుట కాదు. అందుచేతనే మన పెద్దలు ఈసీ తీయించుట, అడంగలు చూచుట, గట్టుమీదికి పోయి ఇరుగుపొరుగు రైతుల నడుగుట మానలేదు.

పూచీపడు పద్ధతులు వేఱుచోట్ల రెండు పుట్టినవి. 1858 లో దక్షిణ ఆస్ట్రేలియాయందు రాబర్టు టోరెన్సు అను నతడు, ప్రభుత్వపు పుస్తకమున నెవరి పేరున్నదో వాడే యజమాని యనియు, పొరపాటున నొకడు నష్టపడినచో ప్రభుత్వనిధినుండి పరిహార మీయవలెననియు శాసనము చేయించెను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1868 లో నొక తీర్పు వచ్చెను. హక్కును పరిశీలించి చెప్పిన మధ్యవర్తి మాట నమ్మి కొన్నవాడు మోసపోయినను, మధ్యవర్తిపై బాధ్యత లేదనిరి. ఆ భయముననే 1876 లో ఫిలడెల్ఫియా నగరమున భూస్వామ్యమునకు బీమాచేయు కంపెనీ పుట్టెను. ఒకచోట ప్రభుత్వము, ఒకచోట వర్తకుడు. మన ఆంధ్రప్రదేశమున హక్కునకు పూచీనిచ్చు ఉద్దేశముతో చేసిన భూహక్కుల చట్టము 2023 అక్టోబరు 31 న అమలులోనికి వచ్చి, ప్రజలలో పెక్కు భయసందేహములు కలుగుటచే 2024 లో రద్దయ్యెను. కావున మనకు నేటికిని కాగితమును మనమే కాచుకొనవలసియున్నది.

ఇక పేర్లకు వత్తము. ఇంటర్నెట్టున ప్రతి యంత్రమునకు నొక సంఖ్య యుండును. సంఖ్యలు మనుష్యులకు గుఱుతుండవు గనుక వానికి పేర్లు పెట్టిరి. ఏ పేరున కే సంఖ్యయో తెలుపు పట్టికను మొదట కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమున కూర్చుండి వ్రాసెడివారు. మన కరణము ఊరంతటికి ఒక్కడే అడంగలు వ్రాసినట్లన్నమాట. పేర్లు పెరుగగా ఒక్క కరణము చాలడాయెను. 1983 లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ పట్టికను శాఖోపశాఖలుగా విభజించు పద్ధతిని రూపొందించెను. "డాట్ కామ్" అను శాఖయందు మొదటి పేరు 1985 మార్చి 15 న నమోదయ్యెను. మన దేశమునకు "డాట్ ఇన్" అను శాఖ కలదు. ఈనాడు తెలుగు లిపియందే "డాట్ భారత్" అను కొసతో సైతము పేరును నమోదు చేసికొనవచ్చును. ఈ వ్యవస్థ నంతటిని పైనుండి చూచుటకు 1998 లో అమెరికాలో ఐకాన్ అను సంస్థ ఏర్పడినది.

ఇక్కడ మీరు గమనింపవలసిన దొకటి కలదు. డొమైన్ పేరు శాశ్వతముగా కొన్న భూమి వంటిది కాదు, కౌలు వంటిది. గడువుకు రుసుము కట్టినంతకాలము అది మీది. ఒకేసారి పదేండ్లకు మించి కట్టుటకు సాధారణముగా వీలుండదు. కట్టుట మఱచితిరా, కొన్నాళ్ళు ఉపేక్షింతురు. డాట్ కామ్ వంటి శాఖలలో తరువాత ముప్పది దినముల విమోచనకాల మిత్తురు. అప్పుడు హెచ్చురుసుము కట్టి విడిపించుకొనవచ్చును. అదియు దాటినచో గోదావరి వరదకు కొట్టుకొనిపోయిన లంకమెరకవలె మఱియొక యొడ్డున తేలును. ఎవడు ముందుగా పాదము మోపునో వానిది.

గడువు తప్పుట మనవలని దోషము. దొంగతనము వేఱు. దాని కొక ప్రసిద్ధోదాహరణము కలదు. 1994 లో గ్యారీ క్రెమెన్ అను అమెరికను ఒక పేరును నమోదు చేసికొనెను. ఆ పేరు పెద్దల సభలో ఉచ్చరింపదగినది కాదు గనుక విడిచితిని. విలువ మాత్రము మిక్కుటము. 1995 లో స్టీఫెన్ కోహెన్ అనువాడు, క్రెమెన్ సంస్థ వ్రాసినట్లుగా నొక దొంగలేఖను సృష్టించి, పేరు తనకు మార్పుడని నమోదుసంస్థకు పంపెను. తమకు ఇంటర్నెట్టు సదుపాయము లేదు గనుక కోహెన్ ద్వారా తెలుపుచున్నామని ఆ లేఖలో నుండెను. ఇంటర్నెట్టు పేరుగలవానికి ఇంటర్నెట్టు లేదట! ఆ మాట చదివియు నమోదుసంస్థ యజమానిని అడుగలేదు, పేరు మార్చివేసినది. క్రెమెన్ వ్యాజ్యమాడి 2000 లో పేరును తిరిగి పొందెను. మఱుసటియేట ఆఱుకోట్ల యేబదిలక్షల డాలర్ల పరిహారమునకు తీర్పు వచ్చినది. కాని కోహెన్ మెక్సికోకు పాఱిపోయెను. తుదకు 2003 లో అప్పీలు న్యాయస్థానము, డొమైన్ పేరు కంటికి కానరాకున్నను ఆస్తియే యనియు, అక్రమముగా పరుల కప్పగించినచో నమోదుసంస్థయు జవాబు చెప్పవలసినదే యనియు నిర్ణయించెను. మన ఊళ్ళలో కల్పితపు వీలునామా, చనిపోయినవాని వ్రేలిముద్ర, దొంగసాక్షి యనునవి మీ రెఱిగినవే. సముద్రములకావల జరిగినదియు అదియే.

మన తెలుగువారి సంస్థ యొకటి సుప్రీంకోర్టు వఱకు పోయి ఈ విషయమున దేశమంతటికి మార్గము చూపినది. పశ్చిమగోదావరి జిల్లా భీమవరము ప్రాంతమువారు 1987 లో హైదరాబాదున స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ మీకు తెలిసినదే. దానికి పిల్లసంస్థ 1995 లో పుట్టిన సత్యం ఇన్ఫోవే. తన పేరులోని అక్షరములను ఏఱి, ఏ భాషయందును లేని "సిఫీ" అను పదమును కల్పించుకొని, 1999 జూనులో సిఫీనెట్ మొదలైన డొమైన్ పేర్లను నమోదు చేసికొనినది. ఆ సంవత్సరము నవంబరులోనే, పెక్కు డొమైన్ పేర్లకు యజమానియైన ఇండియావరల్డ్ అను సంస్థను 499 కోట్ల రూపాయలకు బేరమాడినది. ఆ ధరను విని ఆనాడు దేశము నివ్వెఱపోయెను. అందులో మిద్దెలు మేడలకంటె పేర్లకు, ఆ పేర్లు చూడవచ్చు జనులకు కట్టిన వెలయే హెచ్చు.

కొంతకాలమునకు వేఱొక సంస్థ "సిఫ్ఫీనెట్" అని యొక ఫకారవొత్తు హెచ్చుగా జేర్చి రెండు డొమైన్ పేర్లను నమోదు చేసికొనెను. వ్యాజ్యము బెంగుళూరు సివిల్ కోర్టున మొదలయ్యెను. అక్కడ సత్యమునకు అనుకూలముగా నిషేధాజ్ఞ వచ్చినది. హైకోర్టు దానిని త్రోసివేసినది. 2004 మే 6 న సుప్రీంకోర్టు తిరిగి నిషేధాజ్ఞను నిలిపినది. ఆ పేరు తమ భాగస్వాముల పేర్ల మొదటి అక్షరములను కూర్చి చేసినదని ప్రతివాదులు చెప్పిన మాటను న్యాయమూర్తులు నమ్మలేదు. డొమైన్ పేర్లకై మన దేశమున ప్రత్యేకశాసనము లేకున్నను, వర్తకపుగుఱుతులకు చెందిన న్యాయము వీనికిని వర్తించునని సెలవిచ్చిరి. డొమైన్ పేరు ఒట్టి చిరునామా కాదు. జనులు నమ్మివచ్చు గుఱుతు. ఒకని గుఱుతును పోలిన గుఱుతు పెట్టి వాని గిరాకిని మలుపుకొనుట మోసమే. ఇది ఆ తీర్పు సారాంశము.

ఆ కథకు కొస యింకొకటి కలదు. 2005 లో సత్యం సంస్థ సిఫీలోని తన వాటాను అమ్ముకొనెను. 2009 జనవరి 7 న సత్యం లెక్కలు తప్పుడువని దాని అధిపతియే లేఖవ్రాసి ఒప్పుకొనెను. తరువాత సంస్థ పరుల చేతికి పోయి, 2013 లో టెక్ మహీంద్రాలో కలిసి, "సత్యం" అను పేరే సంస్థల పట్టికనుండి మాసిపోయెను. పిల్లకు పెట్టిన సిఫీ యను పేరు నిలిచినది, తల్లిపేరు నిలువలేదు. పేరును పరులు దొంగిలించినచో న్యాయస్థానము కలదు. యజమానియే పోగొట్టుకొన్నచో ఏ న్యాయస్థానమును తెచ్చి యీయజాలదు.

ఇప్పుడు బీమా మాట. మన తీరమునకు బీమా క్రొత్త కాదు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923 లో ఆంధ్రా బ్యాంకును, 1925 లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. జీవితబీమా వ్యాపారము 1956 లో జాతీయమైనది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1 న యూనియన్ బ్యాంకులో కలిసెను. బీమాయందలి ధర్మ మొకటే: పదుగురు తలాకొంచెము వేసికొనిన సొమ్ముతో, ఆపద పడిన యొక్కని ఆదుకొనుట. అగ్నిప్రమాదమునకు బీమా కలదు. కాని వంటింటి నిప్పును ఆర్పక నిద్రించువానికి బీమా కంపెనీ మెచ్చుకోలు చెప్పదు.

డొమైన్ పేరునకు కలుగు ఆపదలు మూడు విధములు. హక్కు విషయమైన వ్యాజ్యము మొదటిది. కన్నము వేసి రహస్యపదమును దొంగిలించుట రెండవది. గడువు దాటుట మూడవది. మొదటి రెండింటికి కొంతవఱకు బీమా సాధ్యమే. సైబరు బీమా యను పేర మన దేశపు కంపెనీలు పత్రముల నమ్ముచున్నవి. వీరి నందఱిని కనిపెట్టు బీమా నియంత్రణసంస్థ హైదరాబాదుననే యున్నది. వ్యక్తుల సైబరు బీమా పత్ర మెట్లుండవలెనో 2021 లో అది మార్గదర్శకము నొకదానిని వెలువరించినది. దొంగలు సొమ్ము కాజేయుట, చెడిన యంత్రముల బాగుచేత, వకీలు ఖర్చులు మొదలగునవి షరతులకు లోబడి ఇట్టి పత్రములలో చేరుచుండును. కాని డొమైన్ పేరు పోయిన నష్టము చేరినదని విస్పష్టముగా వ్రాసియున్నదా యని చదువక సంతకము చేయరాదు. వ్రాయనిచో చేరలేదనియే యెంచుకొనుడు. మూడవ ఆపద, అనగా మన మఱపు, మన దోషమే గనుక దానికి బీమా ఆశింపరాదు.

ఒకమాట మనస్సున నుంచుకొనవలెను. బీమా డబ్బు నిచ్చును, పేరు నీయజాలదు. కాలిన కొట్టమునకు డబ్బువచ్చినచో మఱియొక కొట్టము వేసికొందుము. పోయిన పేరునకు డబ్బు వచ్చినచో మఱియొక పేరు పెట్టుకొనగలము గాని, ప్రాతపేరును నమ్మి వచ్చువారిని త్రోవలో నిలిపి చెప్పువా డెవ్వడు? తిరుమల తిరుపతి దేవస్థానమువారు తమ పేరుతో వెలసిన నకిలీస్థానములపై 2023 లో పోలీసులకు ఫిర్యాదు చేసిరి. అక్కడ నష్టపోవునది దేవస్థానము కంటె, సేవాటిక్కెట్టని నమ్మి డబ్బు కట్టిన భక్తుడు.

కావున రాగిరేకుల కాపుదలలనే మఱల తలచుకొందము. ఎల్లల వంటిది నమోదు: పేరు సంఘముదైనచో సంఘము పేరననే, సంఘపు చిరునామాతోనే నమోదు కావలెను, ఎంత మంచివాడైనను ఒక్కని పేరున నుండరాదు. ప్రకటన వంటిది తీర్మానము: ఏ పేరు, ఏ నమోదుసంస్థ, ఏ గడువు అను మూడును మహజరు పుస్తకమున వ్రాసి, ఏటి సమావేశమున చదివి వినిపింపవలెను. ముద్ర వంటిది తాళము: పేరు పరులకు మార్పకుండ నమోదుసంస్థయొద్ద బిగింపు వేయించుకొనవచ్చును, రహస్యపదము ఒక్కరియొద్దనే కాక, గుడి హుండీకి ఇరువురు తాళములు పెట్టుకొన్నట్లు, ఇరువురి యెఱుకలో నుండవలెను. రసీదులను భద్రపఱచుడు, ఇనాం కమీషనునాడు తాటాకు రక్షించినట్లు రేపు అవియే రక్షించును. శాపమునకు బదులు నేడు చట్టము కలదు: డాట్ ఇన్ పేర్లను గూర్చి దేశీయ నమోదుసంస్థ యేర్పఱచిన మధ్యవర్తి పద్ధతి, ఇతరములకు ఐకాన్ వారి పద్ధతి, పైన న్యాయస్థానములు.

ప్రభుత్వముద్రయు వచ్చినది. దేశమందలి బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అను కొసగల పేర్లకు మాఱవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. ఆ పేర్ల నిచ్చు అధికారమును హైదరాబాదునందలి ఐడీఆర్‌బీటీ యను సంస్థ కొక్కదానికే యిచ్చిరి. త్రిభువనాంకుశ ముద్ర లేని రేకును ఊరిపెద్దలు నమ్మనట్లు, ఆ కొస లేని పేరును బ్యాంకుగా నమ్మరాదని మీ యింటివారికి చెప్పుడు.

మన డెల్టాలో పేరే ఆస్తియైనవి కలవు. ఆత్రేయపురము పూతరేకులకు 2023 లోను, నరసాపురము లేసు అల్లికలకు 2024 లోను భౌగోళికపు గుఱుతింపు లభించినది. ఆ గుఱుతింపు సరకు పేరును కాచును. అయినను ఆ పేరుతో ఇంటర్నెట్టున స్థానమును నమోదుచేయబోవు పరునికి ముందుగా అడ్డు తగులువాడుండడు; తరువాత వ్యాజ్యమాడి తీసికొనవలసినదే. ముందుగా వేయిరూపాయలతో నమోదు చేసికొనుట సుఖమా, తరువాత వకీళ్ళకు కట్టుట సుఖమా యని ఆ స్త్రీలసంఘములవారు విచారించుకొందురుగాక.

మా బడిపేరు మాకు తిరిగి రాలేదు. తీసికొన్నవా డడిగిన వెల సంఘమునకు మోయరానిది. ఆ డబ్బుతో ఇరువురు పిల్లలను చదివింపవచ్చును. క్రొత్తపేరు నొకదానిని సంఘము పేరననే నమోదు చేయించితిమి. చందాదారు లందఱకును నా చేతివ్రాతతో కార్డులు వ్రాసితిని: "ప్రాతపేరు మనది కాదు, దానిని నమ్మకుడు, తప్పు నాది" అని. నూటికి పైబడి కార్డులు వ్రాయునప్పటికి వ్రేళ్ళు నొచ్చినవి. మనస్సు కొంత తేలికయైనది.

మీలో పెక్కురు గుడికమిటీలలోను, సహకారసంఘములలోను, గ్రంథాలయములలోను పెద్దలుగా నున్నారు. రేపటి యుదయమున మీ సంఘమునకు ఇంటర్నెట్టున పేరు కలదా యని పిల్లలను అడుగుడు. కలదన్నచో, అది యెవ్వరి పేరున నున్నది, ఎన్నటివఱకు ఉన్నది యని రెండు ప్రశ్నలు వేయుడు. ఆ పిల్లలు మిమ్ము చూచి నవ్వవచ్చును. నవ్వనిండు. ఆ రెండు ప్రశ్నలను అడుగనివాని కథను ఇప్పుడు మీరు వింటిరి.